కర్నూలు, అనంతపురం, కడప కాలేజీల మధ్య క్వాంటమ్ నెట్‌వర్క్ మొదలుపెట్టడం ఎలా?

మీరు కర్నూలులోనో, అనంతపురంలోనో, కడపలోనో ఒక కాలేజీలో ఫిజిక్స్, మ్యాథ్స్, కంప్యూటర్స్, ఎలక్ట్రానిక్స్ లాంటి సబ్జెక్టు చెబుతున్నారు, లేదా చదువుతున్నారు అనుకుందాం. రాత్రిపూట క్వాంటమ్ కంప్యూటింగ్ వీడియోలు చూస్తూ ఒక నోట్‌బుక్ నింపారు. ఎక్కడో ఒకచోట ఆగిపోయారు. అడుగుదామంటే పక్కన మనిషి లేడు. నూట యాభై కిలోమీటర్ల అవతల ఇంకో కాలేజీలో ఇంకొకరు సరిగ్గా అక్కడే ఆగిపోయి ఉంటారు. ఆ సంగతి మీకు తెలియదు, వాళ్ళకూ తెలియదు. ఎవరికి వారే యమునా తీరే.

శనక్కాయ పెరికే రోజుల్లో బదులుకు పోవడం మన ఊళ్ళలో అందరికీ తెలిసిందే. ఇవాళ మా చేనికి మీ ఇంటి నుంచి నలుగురు వస్తారు, ఎల్లుండి మీ చేనికి మా నలుగురం వస్తాం. డబ్బులు చేతులు మారవు, పని మాత్రం అదను తప్పకుండా అయిపోతుంది. మన ప్రాంతంలో క్వాంటమ్ నెట్‌వర్క్ అంటే నా దృష్టిలో ఇదే. ఒక కాలేజీ బీరువాలో లేజర్ ఉంటుంది. ఇంకో కాలేజీలో పైథాన్ బాగా వచ్చిన పిల్లలుంటారు. మరోచోట మాత్రికలను కళ్ళకు కట్టినట్టు చెప్పే మేడమ్ ఉంటారు. వీళ్ళు ఒకరికొకరు బదులుకు పోతే చాలా దూరం నడవగలం. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. కింద రాసిన క్రమం చేస్తూ, తప్పులు దిద్దుకుంటూ కుదిరిన క్రమం.

కర్నూలు, అనంతపురం, కడప అంటే పాత జిల్లాల లెక్కలోనే అంటున్నాను. నంద్యాల, పుట్టపర్తి, హిందూపురం, ప్రొద్దుటూరు అన్నీ ఇందులోకే వస్తాయి.

ముందు ఆరుగురిని వెతకండి

సంస్థలతో మొదలుపెట్టకండి, మనుషులతో మొదలుపెట్టండి. ప్రిన్సిపాల్ గదికి వెళ్ళడం తర్వాతి పని. మొదట ఆరుగురు చాలు, ఒక్కో జిల్లాకు ఇద్దరు. ఆ ఆరుగురిలో లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా తెలిసినవాళ్ళు ఒకరు, పైథాన్ రాసేవాళ్ళు ఇద్దరు, ఆప్టిక్స్ ల్యాబ్‌లో చేయి తిరిగినవాళ్ళు ఒకరు ఉండేలా చూసుకోండి. వీలైతే ఒక ల్యాబ్ అసిస్టెంటును కూడా కలుపుకోండి. ఏ పరికరం నిజంగా పనిచేస్తుందో, ఏది స్టాక్ రిజిస్టరులో మాత్రమే ఉందో వాళ్ళకు తెలిసినంతగా హెచ్‌ఓడీకి కూడా తెలియదు.

ఎక్కడ వెతకాలి? అనంతపురంలో జేఎన్‌టీయూ, 1981 నుంచి నడుస్తున్న శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 2018లో మొదలైన కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. పుట్టపర్తిలో శ్రీ సత్యసాయి ఇన్‌స్టిట్యూట్ ఉంది. కర్నూలులో జగన్నాథగట్టు మీద 2015లో మొదలైన ట్రిపుల్ ఐటీ డీఎం ఉంది, రాయలసీమ యూనివర్సిటీ, సిల్వర్ జూబిలీ కాలేజీ ఉన్నాయి. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, ఇడుపులపాయలో ఆర్కే వ్యాలీ ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. ఆర్కే వ్యాలీని మర్చిపోవద్దు. అక్కడ పిల్లలు పదో తరగతి కాగానే చేరి ఆరేళ్ళు ఒకేచోట ఉంటారు, అందువల్ల ఒకసారి అలవాటైన పని మధ్యలో తెగిపోదు. వీటన్నిటికంటే ఎక్కువగా చిన్న ఊళ్ళలోని డిగ్రీ కాలేజీలను చూడండి. ఆసక్తి ఉండి కూడా తోడు దొరకనివాళ్ళు అక్కడే ఎక్కువ.

మొదటి మెసేజ్ ఎలా రాయాలా అని చాలామంది టెన్షన్ పడతారు. ఇలా రాస్తే సరిపోతుంది:

"నమస్కారం మేడమ్. నేను గుంతకల్లు దగ్గర డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మీరు క్వాంటమ్ కంప్యూటింగ్ ఎలెక్టివ్ చెబుతున్నారని మీ స్టూడెంట్ ఒకరు చెప్పారు. మేం నలుగురం నెలకు రెండు శనివారాలు కూర్చుని చదువుతున్నాం. రెండు క్యూబిట్ల దగ్గర టెన్సర్ ప్రొడక్ట్ మాకు సరిగ్గా అర్థం కావడం లేదు. ఒక్క గంట చెప్పగలరా? బదులుగా మీ పిల్లలకు మా దగ్గరున్న పోలరైజర్లతో ప్రయోగం చేసి చూపిస్తాం."

(క్యూబిట్ అంటే క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారపు చిన్న ముక్క, మామూలు కంప్యూటర్‌లో బిట్ లాంటిది. టెన్సర్ ప్రొడక్ట్ అంటే రెండు క్యూబిట్లను కలిపి రాసే లెక్క.) అడిగింది ఒక్క గంట, ఇస్తామన్నది ఒక ప్రయోగం. ఇలాంటి మెసేజ్‌కు జవాబు వస్తుంది. "మన ప్రాంతంలో క్వాంటమ్ విప్లవం తేవాలి, మీ సహకారం కావాలి" అని రాస్తే మాత్రం రాదు. ఆ మాటకు ఏం జవాబివ్వాలో చదివిన మనిషికి తోచదు.

ఉన్నవి రాసుకోండి

ఒక షేర్డ్ షీట్ తెరవండి. అందులో నాలుగు గడులు చాలు: వస్తువు, ఏ కాలేజీ, పనిచేస్తోందా, ఎవరిని అడగాలి. హీలియం నియాన్ లేజర్, పోలరైజర్లు, ఫొటోఎలక్ట్రిక్ ఎఫెక్ట్ కిట్, ఆసిలోస్కోప్, ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్లు, మంచి ఇంటర్నెట్ ఉన్న గది, అన్నీ రాయండి. మనుషులను కూడా రాయండి: పైథాన్ చెప్పగలరు, సోల్డరింగ్ చేయగలరు, ఇంగ్లీషు పేపర్ చదివి తెలుగులో చెప్పగలరు.

ఈ షీట్ పూర్తయ్యేసరికి మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఒక కాలేజీలో లేదని ఏడ్చే పరికరం ముప్పై కిలోమీటర్ల దూరంలో దుమ్ము పట్టి ఉంటుంది.

మొదటి కలయిక గుత్తిలో పెట్టండి

గుత్తి ఎందుకంటే, మూడు దారులూ అక్కడ కలుస్తాయి. కర్నూలు నుంచి డోన్ మీదుగా రైలు వస్తుంది. కడప నుంచి ఎర్రగుంట్ల, తాడిపత్రి మీదుగా వస్తుంది. అనంతపురం నుంచి హైవే ఉంది, రైలూ ఉంది. ఎవరి ఊళ్ళోనో పెడితే మిగతావాళ్ళు అతిథులైపోతారు. మధ్యలో పెడితే అందరూ సమానం. ఒక స్కూలు గది, ఒక నల్లబల్ల, రెండు ప్లగ్ పాయింట్లు ఉంటే చాలు. పది గంటలకు మొదలుపెట్టి మూడున్నరకు ముగించండి. అమ్మాయిలు చీకటి పడకముందే ఇల్లు చేరాలి. ఇది పాటించకపోతే రెండో కలయికకు వాళ్ళను ఇంట్లో పంపించరు, మీ నెట్‌వర్క్‌లో సగం తెలివి అక్కడే పోతుంది.

పొద్దున ఉగ్గాని బజ్జీ తిని కూర్చోండి. ముందు పరిచయ ప్రసంగాలు వద్దు, నేరుగా ప్రయోగం చేయండి.

మూడు పోలరైజర్ రేకులు తీసుకోండి, అంటే ఒక దిశలో ఊగే వెలుగునే దాటనిచ్చే పలుచని రేకులు. రెండింటిని ఒకదానికొకటి అడ్డంగా తిప్పి పట్టుకుంటే వెలుగు పూర్తిగా ఆగిపోతుంది. ఇప్పుడు పిల్లలను అడగండి: ఈ రెండింటి మధ్య మూడోది పెడితే ఏమవుతుంది? దాదాపు అందరూ "ఇంకా చీకటి అవుతుంది సార్" అంటారు. మూడో రేకును నలభై అయిదు డిగ్రీల వాలులో మధ్యలోకి జరపండి. వెలుగు వస్తుంది! మొదటి రేకు దాటిన వెలుగులో నాలుగో వంతు బయటికొస్తుంది. గది ఒక్కసారి నిశ్శబ్దం అయిపోతుంది. ఆ నిశ్శబ్దం కోసమే ఈ ప్రయోగంతో మొదలుపెట్టమంటున్నాను.

రెండు జాగ్రత్తలు. త్రీడీ సినిమా కళ్ళద్దాలు వాడొద్దు, వాటిలో చాలావరకు వర్తుల పోలరైజర్లు ఉంటాయి, ప్రయోగం గందరగోళంగా వస్తుంది. పాడైపోయిన ఎల్‌సీడీ మానిటర్ దొరికితే దాని ముందు పొర మెల్లగా ఒలిచి ముక్కలు కోసుకోండి, చక్కగా పనిచేస్తాయి. రెండోది ఇంకా ముఖ్యం: పిల్లలకు అబద్ధం చెప్పొద్దు. ఇంత వెలుగుతో చేసినప్పుడు దీన్ని పాత తరంగ సిద్ధాంతంతో, మాలస్ నియమంతో (రేకు కోణాన్ని బట్టి ఎంత వెలుగు దాటుతుందో చెప్పే సూత్రం) కూడా పూర్తిగా వివరించవచ్చు. క్వాంటమ్ ఎక్కడ మొదలవుతుందంటే, ఒకే ఒక్క ఫోటాన్‌ను, అంటే ఒక్క వెలుగు కణాన్ని పంపినప్పుడు. అది సగం దాటి సగం ఆగదు. దాటితే మొత్తంగా దాటుతుంది, లేదంటే మొత్తంగా ఆగుతుంది. మనం చెప్పగలిగేది దాటే అవకాశం ఎంత అన్నదే. ప్రతి రేకూ ఫోటాన్‌ను ఒక ప్రశ్న అడుగుతుంది, ఆ ప్రశ్నతో ఫోటాన్ స్థితి మారిపోతుంది. ఈ ఒక్క మాట ఇక్కడ దిగితే తర్వాత క్యూబిట్ కొలత గురించి మళ్ళీ చెప్పాల్సిన పని ఉండదు.

భోజనం తర్వాత బీబీ84 ఆట ఆడించండి. చార్లెస్ బెన్నెట్, జిల్ బ్రసార్డ్ 1984లో ప్రతిపాదించిన రహస్య తాళంచెవి పద్ధతి ఇది. కాగితం, రెండు నాణేలు ఉంటే చాలు. ఒకరు పంపేవారు, ఒకరు అందుకునేవారు, ఒకరు దొంగచాటుగా వినేవారు. పంపేవారు ప్రతి బిట్‌కూ నాణెం వేసి నిలువు పద్ధతో వాలు పద్ధతో ఎంచుకుంటారు, అందుకునేవారూ అలాగే ఎంచుకుంటారు. నలభై బిట్లు పంపితే ఇద్దరి పద్ధతీ కలిసేవి సుమారు ఇరవై. దొంగ లేకపోతే ఆ ఇరవైలో ఒక్క తప్పు ఉండదు. దొంగ ప్రతి బిట్‌నూ మధ్యలో కొలిచి మళ్ళీ పంపితే నాలుగింట ఒకటి తప్పవుతుంది, అంటే సుమారు అయిదు. విన్నవాడు తన జాడ వదలకుండా పోలేడు. పిల్లలు తప్పులు లెక్కపెట్టి "దొరికాడు" అని అరిచేదాకా ఆడించండి.

ఆ రోజు దారి ఖర్చులు ఎవరు పెట్టుకుంటారో ముందే తేల్చుకోండి. మొహమాటంతో ఈ సంగతి మాట్లాడకపోతే, డబ్బు లేని విద్యార్థి కారణం చెప్పకుండానే రావడం మానేస్తాడు. జీతం వచ్చేవాళ్ళం తలా కొంత వేసుకుని పిల్లల టికెట్లు తీయడం మంచిది.

నెలకు రెండు శనివారాలు

రెండో శనివారం, నాలుగో శనివారం సాయంత్రం ఆన్‌లైన్‌లో గంటన్నర. మొదటి ఎనిమిది కలయికలకు పాఠం ముందే రాసిపెట్టుకోండి: సంకీర్ణ సంఖ్యలు, రెండు వరుసల మాత్రికలు, ఒక క్యూబిట్, గేట్లు (క్యూబిట్ స్థితిని మార్చే చర్యలు), రెండు క్యూబిట్లు, ఎంటాంగిల్‌మెంట్ (రెండు క్యూబిట్ల ఫలితాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండడం), బీబీ84 లెక్క, గ్రోవర్ అన్వేషణ. చివరిది లవ్ గ్రోవర్ అనే భారతీయ మూలాలున్న శాస్త్రవేత్త 1996లో ఇచ్చిన పద్ధతి. నాలుగు పెట్టెల్లో ఒకదాంట్లో ఉన్న వస్తువును గ్రోవర్ పద్ధతి ఒకే ఒక్క అడుగులో కచ్చితంగా చూపిస్తుంది. నాలుగు పెట్టెలకు లెక్క చేత్తో కట్టవచ్చు, అందుకే దానితో ఆపండి. పెద్ద సంఖ్యలకు పోతే పిల్లలు సూత్రం కంఠతా పట్టేస్తారు.

పాఠం చెప్పే వంతు తిరుగుతూ ఉండాలి. ఒకే సార్ అన్నీ చెబితే అది ట్యూషన్ అవుతుంది.

తెలుగులో చెప్పండి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఆలోచన దగ్గర ఆగరు, మాట దగ్గర ఆగుతారు. సూపర్‌పొజిషన్‌ను (క్యూబిట్ ఒకేసారి రెండు స్థితుల కలయికలో ఉండడం) అధ్యారోపణ అని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. ఆ మాట తెలిసిన పిల్లవాడికి అది గొప్ప ఊతం, తెలియని పిల్లవాడికి ఇంకో గోడ. అందుకని రెండూ వాడండి, పక్కన ఒక ఉదాహరణ చెప్పండి. ప్రతి కలయికలోనూ అయిదు మాటలకు తెలుగు వివరణ రాసి షీట్‌లో చేర్చండి. ఏడాది తిరిగేసరికి వందకు పైగా మాటలున్న నిఘంటువు మీ చేతిలో ఉంటుంది. మిగతా పనులన్నీ ఆగిపోయినా ఇదొక్కటి మిగిలితే చాలు, తర్వాత వచ్చేవాళ్ళకు ఉపయోగపడుతుంది.

పక్కన చదువుకోవడానికి ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో క్వాంటమ్ కంప్యూటింగ్ కోర్సులు ఉచితంగా ఉన్నాయి, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఐబీఎం వాళ్ళ ఉచిత పాఠాలూ బాగుంటాయి.

నిజమైన యంత్రం మీద ఒక ప్రోగ్రామ్

ఇది మూడో నెలలో చేయండి, అంతకంటే ముందు వద్దు. కిస్కిట్ అనేది పైథాన్‌లో పనిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్. మొదట మీ ల్యాప్‌టాప్ మీదే సిమ్యులేటర్ (క్వాంటమ్ యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్) నడపండి. ఇక్కడ ఒక లెక్క పిల్లలతో కట్టించండి: క్యూబిట్ల స్థితిని పూర్తిగా దాచుకోవాలంటే ఇరవై క్యూబిట్లకు పదహారు ఎంబీ చాలు. ఇరవై ఎనిమిదికి నాలుగు జీబీ కావాలి. ముప్పైకి పదహారు జీబీ. ఒక్క క్యూబిట్ పెరిగితే చాలు, మెమరీ రెట్టింపు అవుతుంది. అలా యాభై దాకా లెక్క వేయమనండి. క్వాంటమ్ కంప్యూటర్ ఎందుకు కావాలన్న ప్రశ్నకు జవాబు వాళ్ళే చెబుతారు.

తర్వాత ఐబీఎం ఉచిత ఖాతాతో అసలు యంత్రానికి పంపండి. నెలకు కొన్ని నిమిషాల సమయమే ఇస్తారు, కాబట్టి చిన్న ప్రోగ్రామ్: రెండు క్యూబిట్లు, మొదటిదానిపై హాడమార్డ్ గేట్ (దాన్ని 0, 1ల సమాన కలయికలో పెట్టేది), తర్వాత సీనాట్ (మొదటిది 1 అయితే రెండోదాన్ని తిప్పేది), కొలత. 1024 సార్లు నడపండి. సిమ్యులేటర్‌లో 00, 11 మాత్రమే వస్తాయి, సుమారు సగం సగం. అసలు యంత్రంలో 01, 10 కూడా కొన్ని కనిపిస్తాయి. పిల్లలు "మనం ఏదో తప్పు చేశాం" అనుకుంటారు. తప్పు కాదు. ఆ చిప్ సున్నా కెల్విన్‌కు దాదాపు ఆనుకుని, కెల్విన్‌లో వందో వంతు దగ్గర పనిచేస్తోంది. అయినా చుట్టూ ఉన్న ప్రపంచం దాన్ని ఊరికే వదలదు. ఆ కొన్ని తప్పు అంకెలే నేడు ప్రపంచమంతా పరిశోధన చేస్తున్న సమస్య. తాడిపత్రి పిల్లవాడి స్క్రీన్ మీదికి ఆ సమస్య నేరుగా వచ్చి నిలబడుతుంది.

ఉమ్మడి పరిశోధన: ఒక్కటే ఎంచుకోండి

చాలా గుంపులు ఇక్కడే జారిపోతాయి. పది అంశాలు రాసుకుంటారు, ఏదీ కదలదు. ఏడాదికి ఒక్కటే తీసుకోండి. మనకు చేతనయ్యేవి మూడు చెబుతాను.

మొదటిది శబ్దం రిజిస్టర్. ఇక్కడ శబ్దం అంటే నాయిస్, అసలు యంత్రంలో దొర్లే ఆ తప్పులు. పైన చెప్పిన చిన్న ప్రోగ్రామ్‌నే ప్రతి వారం ఒకే యంత్రం మీద నడపాలి. మూడు జిల్లాలూ వంతులవారీగా చేయాలి. తేదీ, యంత్రం పేరు, ఏ క్యూబిట్లు, నాలుగు ఫలితాలు ఎన్నెన్నిసార్లు వచ్చాయో రాయాలి. ఏడాది చివర ఆ వరసలన్నీ గ్రాఫ్ గీస్తే ఎప్పుడు తప్పులు పెరిగాయి, ఎప్పుడు తగ్గాయి, కొలతలోని తప్పును లెక్కతో ఎంతవరకు సరిదిద్దగలం అన్నది తెలుస్తుంది. ఎంఎస్సీ ప్రాజెక్టుకు ఇది చక్కగా సరిపోతుంది.

రెండోది నాకు చాలా ఇష్టమైనది, దీనికి క్వాంటమ్ యంత్రమే అక్కర్లేదు. పీటర్ షోర్ 1994లో ఇచ్చిన పద్ధతి ప్రకారం, తగినంత పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ వస్తే ఇవాళ బ్యాంకులు, వెబ్‌సైట్లు వాడే ఆర్‌ఎస్‌ఏ తాళాలు (సమాచారాన్ని రహస్యంగా ఉంచే ఒక లెక్కల పద్ధతి) విడిపోతాయి. అంత పెద్ద యంత్రం ఇంకా రాలేదు. అయినా ఇవాళ దొంగిలించి దాచుకున్న సమాచారాన్ని రేపు విప్పవచ్చు కదా. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు. అందుకే అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2024 ఆగస్టులో క్వాంటమ్‌కు లొంగని మూడు కొత్త పద్ధతులను ప్రమాణాలుగా ప్రకటించింది. ఇవి మామూలు కంప్యూటర్‌లోనే నడుస్తాయి. చిక్కంతా సైజు దగ్గర. ఆర్‌ఎస్‌ఏ 2048 డిజిటల్ సంతకం 256 బైట్లు. ఆ కొత్త పద్ధతుల్లో ఒకటైన ఎంఎల్‌డీఎస్‌ఏ 65 సంతకం 3,309 బైట్లు. పొలంలో మోటారుకు బిగించిన చిన్న సెన్సారు, చౌక ఫోను, సిగ్నల్ సరిగా అందని పల్లె, వీటి మీద అంత బరువు ఎలా పడుతుంది? దీన్ని కొలిచి చెప్పేవాళ్ళు కావాలి. ఈ కొత్త పద్ధతులున్న లిబ్‌ఓక్యూఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఉంది, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి తెచ్చుకోండి. ఆదోని దగ్గర పల్లెలో ఒకరు, పులివెందులలో ఒకరు, కదిరిలో ఒకరు కూర్చుని ఒకే కొలత తీస్తే, ఒక్క కాలేజీ ఒంటరిగా చేయలేని పని అవుతుంది. నెట్‌వర్క్ అన్న మాటకు అర్థం ఇలాంటి పనిలోనే తెలుస్తుంది.

మూడోది వజ్రం. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలల్లో రాళ్ళు వెతుక్కుంటూ తిరిగే మనుషులను మనం ఏటా చూస్తాం. వజ్రకరూరు పేరులోనే వజ్రం ఉంది. ఆ వజ్రం క్వాంటమ్ పరికరం కూడా. వజ్రపు స్ఫటికంలో ఒక కార్బన్ పరమాణువు స్థానంలో నైట్రోజన్ చేరి, దాని పక్కనే ఒక ఖాళీ ఉంటే, ఆ జంటను ఎన్‌వీ కేంద్రం అంటారు. దాని మీద పచ్చ లేజర్ వేస్తే ఎర్రగా వెలుగుతుంది. 2.87 గిగాహెర్ట్జ్ దగ్గర మైక్రోవేవ్ ఇస్తే ఆ ఎరుపు కాస్త తగ్గుతుంది. అయస్కాంత క్షేత్రం ఉంటే ఆ తగ్గుదల రెండుగా చీలిపోతుంది, చీలిక ఎంతో చూసి క్షేత్రం ఎంతో చెప్పవచ్చు. ఇదంతా గది ఉష్ణోగ్రతలోనే! చల్లబరిచే యంత్రాలు అక్కర్లేదు. ఐఐటీ బొంబాయిలో దీని మీద గట్టి పని జరుగుతోంది. చేలో దొరికిన రాయి దీనికి పనికొస్తుందని ఎవరికీ ఆశ పెట్టకండి, ఈ పనికి ఎక్కువగా ప్రయోగశాలలో పెంచిన వజ్రాలే వాడతారు. మన దగ్గర మొదటి ఏడాదిలో పరికరం కట్టడం కష్టం. కానీ చదవడం, లెక్క కట్టడం, సిమ్యులేషన్ చేయడం మొదలుపెట్టవచ్చు. జొన్నగిరి నుంచి వచ్చిన అమ్మాయికి క్వాంటమ్ సెన్సింగ్ చెప్పడానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు తెలియదు.

క్వాంటమ్‌తో లారీల దారి లెక్క వేద్దాం, మార్కెట్ ధర ముందే చెబుదాం లాంటి ప్రాజెక్టులు కూడా పిల్లలు తెస్తారు. నేర్చుకోవడానికి చేయనివ్వండి. మనం వేసుకునే చిన్న లెక్కలను ఇవాళ మామూలు కంప్యూటరే వేగంగా చేస్తుందని రిపోర్టులో రాయించండి.

పెద్ద కేంద్రాల దగ్గరికి ఎప్పుడు, ఎలా వెళ్ళాలి

కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్ 19న జాతీయ క్వాంటమ్ మిషన్‌కు ఆమోదం ఇచ్చింది. 2030-31 వరకు రూ. 6,003.65 కోట్లు. దాని కింద నాలుగు హబ్‌లు ఏర్పడ్డాయి: కంప్యూటింగ్‌కు బెంగళూరు ఐఐఎస్‌సీ, కమ్యూనికేషన్‌కు ఐఐటీ మద్రాస్, సెన్సింగ్‌కు ఐఐటీ బొంబాయి, పదార్థాలు, పరికరాలకు ఐఐటీ ఢిల్లీ. అమరావతి క్వాంటమ్ వ్యాలీలో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉన్న ఐబీఎం యంత్రం పెడతామని 2025 మేలో ప్రకటించారు, టీసీఎస్, ఎల్ అండ్ టీ అందులో భాగస్వాములు. అమరావతి ముఖ్యమే, కానీ అనంతపురంవాళ్ళకు బెంగళూరు ఇంకా దగ్గర. అనంతపురంలో పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నానికల్లా ఐఐఎస్‌సీ గేటు దగ్గర ఉంటారు. కడపవాళ్ళకు తిరుపతి ఐఐటీ, ఐసర్ ఉన్నాయి, కర్నూలువాళ్ళకు హైదరాబాద్ ఉంది.

ఉత్త చేతులతో వెళ్ళకండి. శబ్దం రిజిస్టర్‌లో మూడు నెలల వరసలు, ఒక గ్రాఫ్, ఒక పేజీ రిపోర్టు పట్టుకుని వెళ్ళండి. "మాకు ఏదైనా సహాయం చేయండి" అనకండి. "ఈ వారం తప్పులు ఎందుకు ఇలా పెరిగాయో మాకు అర్థం కాలేదు, మీరేమంటారు?" అనండి. పరిశోధకులకు ప్రశ్న అంటే ఇష్టం. ప్రొఫెసర్ దొరక్కపోతే పీహెచ్‌డీ విద్యార్థిని కలవండి, వాళ్ళు ఎక్కువ సమయం ఇస్తారు, మన ప్రాంతం పిల్లలు అక్కడ ఉంటే ఇంకా మంచిది. ఒకరిని ఒప్పించి నాలుగో శనివారం కలయికకు పిలవండి.

మీ కాలేజీలో మైనర్ కోర్సు (ప్రధాన సబ్జెక్టుకు తోడుగా చదివేది) పెట్టే అవకాశం కూడా చూడండి. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ, జాతీయ క్వాంటమ్ మిషన్ కలిసి క్వాంటమ్ టెక్నాలజీల మైనర్‌కు నమూనా సిలబస్ ఇచ్చాయి. ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేసేవాళ్ళు దాన్ని బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందు పెట్టాలి. అక్కడ "చెప్పేవాళ్ళు ఎవరు?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. అప్పుడు మీ షీట్ తీసి చూపించండి.

కాగితాలు, డబ్బు

ఎంఓయూ, అంటే కాలేజీల మధ్య ఒప్పంద పత్రం, చివరికి రావాలి. మేం మొదట తప్పు చేశాం. ఒక కాలేజీతో ముందే ఎంఓయూ రాసుకున్నాం, ఫ్లెక్సీ వేశారు, శాలువాలు కప్పారు, ఫొటో దిగాం. ఆ తర్వాత ఏడు నెలల్లో ఒక్క ఫోన్ కూడా రాలేదు, మేమూ చేయలేదు. చేయడానికి పని ఏదీ అనుకోలేదు కాబట్టి. ఇప్పుడు క్రమం తిప్పేశాం: ఆరు నెలలు కలిసి పనిచేశాకే కాగితం. ఆ కాగితంలో కూడా మూడు సంగతులు ఉంటే చాలు. పరికరం ఎవరు ఎన్ని రోజులకు ఇస్తారు, పగిలితే ఎవరు బాగుచేయిస్తారు, పేపర్ వస్తే పేర్లు ఏ వరసలో ఉంటాయి. మూడోది ముందే రాసుకోకపోతే స్నేహాలు చెడతాయి. పని చేసిన విద్యార్థి పేరు ముందు ఉండాలని పట్టుబట్టండి.

సొసైటీ రిజిస్ట్రేషన్ మొదటి ఏడాది వద్దు. గ్రాంటుకు దరఖాస్తు చేసే దశ వచ్చాక రాష్ట్ర సొసైటీల చట్టం, 2001 కింద ఏడుగురు సభ్యులతో చేయించుకోవచ్చు. అప్పటిదాకా గ్రాంటు దరఖాస్తు ఏదైనా ఒక విశ్వవిద్యాలయం పేరు మీద వెళ్తే సరిపోతుంది.

ఖర్చులో మొదటి స్థానం దారి ఖర్చులకు ఇవ్వండి, రెండోది రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డులకు, పోలరైజర్లకు, ఎల్‌ఈడీలకు. అన్నట్టు, ఎల్‌ఈడీలతో ప్లాంక్ స్థిరాంకం కొలిచే ప్రయోగం చేయించండి. ఎరుపు బల్బు సుమారు 1.8 వోల్టుల దగ్గర వెలగడం మొదలవుతుంది, నీలం 2.6 దగ్గర. ఆ తేడా, రంగుల తరంగదైర్ఘ్యాలు తెలిస్తే లెక్క వచ్చేస్తుంది. కొన్ని రూపాయల బల్బుతో క్వాంటమ్‌కు మూలమైన స్థిరాంకం చేతికి చిక్కడం ఇంటర్ పిల్లలు కూడా జన్మలో మర్చిపోరు.

ఎక్కడ తెగిపోతుంది, ఎలా కట్టుకోవాలి

పరీక్షలప్పుడు తెగుతుంది. జేఎన్‌టీయూ పరీక్షలు, డిగ్రీ పరీక్షలు సాధారణంగా ఒకే వారంలో ఉండవు. అందుకని ఏడాది మొదట్లోనే అందరి షెడ్యూళ్ళూ ఒకచోట రాసి, ఏ నెలలో ఎవరు బండి లాగాలో పంచుకోండి. ఇంజనీరింగ్‌వాళ్ళు పరీక్షల్లో ఉన్నప్పుడు డిగ్రీవాళ్ళు రిజిస్టర్ రాయాలి.

సార్ బదిలీ అయినప్పుడు తెగుతుంది. దీనికి మందు ఒకటే, ప్రతి కాలేజీలో ఇద్దరు ఉండడం.

చివరి సంవత్సరం పిల్లలు వెళ్ళిపోయినప్పుడు తెగుతుంది. అందరికంటే ఎక్కువ దెబ్బ ఇదే. అందుకే రెండో సంవత్సరం పిల్లలను మొదటి నెల నుంచే కూర్చోబెట్టండి. ఖాతాల పాస్‌వర్డులు, ప్రోగ్రాములు, తెలుగు మాటల జాబితా ఎవరో ఒకరి సొంత ల్యాప్‌టాప్‌లో ఉండకూడదు, అన్నీ ఉమ్మడి ఫోల్డర్‌లో ఉండాలి. ఏప్రిల్‌లో గుత్తిలో ఇంకోసారి కలవండి. ఆ రోజు పాత పిల్లలు కొత్త పిల్లలకు మూడు పోలరైజర్ల ప్రయోగం చేసి చూపించాలి, మనం వెనక బెంచీలో కూర్చోవాలి. శబ్దం రిజిస్టర్ ఆ సాయంత్రం కడప చేతిలోంచి కర్నూలు చేతికి మారుతుంది. రైలు ఎక్కేముందు వచ్చే వారం వరస ఎవరు రాస్తారో పేరు అడిగి రాసుకోండి.